కూపన్ ఉంటే డబ్బు మిగిలినట్టేనా? సరుకుల కొనుగోలుపై అపోహలు - వాస్తవాలు

రెండేళ్లు బిల్లింగ్ కౌంటర్లో, ఆ తర్వాత పదకొండేళ్లు సూపర్ మార్కెట్ ఆఫర్ల విభాగంలో పనిచేశాను. కూపన్ మీద ఏం రాయాలో, అందులో ఏది చిన్న అక్షరాల్లో ఉండాలో కూర్చుని తేల్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు, ఇంటి సరుకుల చీటీ రాయడం మాత్రం ఉంది. నన్ను తరచూ అడిగేవాటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. అంకెలు మీరు వాడే డబ్బులో వేసుకోండి, లెక్క మారదు.

అపోహ: కూపన్ ఇచ్చేది మనకు డబ్బు మిగల్చడానికి.

వాస్తవం: ఇచ్చేది అలవాటు చేయడానికి. 1880ల చివర్లో కోకా-కోలా ఒక గ్లాసు ఉచితమంటూ చీటీలు పంచింది. ఆ పానీయం అప్పటికి కొత్త. ఒకసారి రుచి చూపిస్తే మళ్లీ వాళ్లే వస్తారన్నది లెక్క. ఇప్పటికీ పెద్ద కూపన్లు ఎక్కువగా కొత్త సరుకు మీదో, పక్క కంపెనీ సరుకుకు అలవాటుపడ్డవాళ్లను లాగడానికో వస్తాయి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కూపన్ వెతికి, దాచి, గుర్తుపెట్టుకుని తెచ్చే మనిషి ధర చూసి కొంటుంది. ఊరికే వచ్చి బుట్ట నింపుకుపోయే మనిషికి ధర పట్టదు. ఒకే వస్తువును ఇద్దరికీ రెండు ధరలకు అమ్మాలంటే ఇంతకంటే మర్యాదైన దారి లేదు. చాలా కూపన్లు గడువు దాటి చెత్తబుట్టలోకే పోతాయని తెలిసే అచ్చువేయించేవాళ్లం.

అపోహ: శాతం ఎంత పెద్దదైతే లాభం అంత.

వాస్తవం: "20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100" అన్న కూపన్ చూడండి. బిల్లు 500 అయితే నిజంగానే 20 శాతం. 1000 అయితే 10, 2000 అయితే 5. అందుకే ఇలాంటిది దొరికితే మా ఇంట్లో బిల్లును 500 దగ్గరే ఆపేస్తాం. "50 శాతంపై అదనంగా 20" అంటే 70 కాదు: 1000 వస్తువు ముందు 500 అవుతుంది, అందులో 20 శాతం పోతే 400. మొత్తం తగ్గింది 60 శాతం.

క్యాష్‌బ్యాక్ ఇంకా తమాషా. 1000 కడితే 200 వెనక్కి, అదీ వచ్చేసారి వాడుకోవాలి. అంటే 1200 సరుకుకు 1000 కట్టారు. తగ్గింపు ఆరో వంతు, 17 శాతం కూడా లేదు. గడువులోగా మళ్లీ వెళ్లకపోతే అదీ లేదు. వెళ్తే 200తో ఆగి బయటికొచ్చేవాళ్లు ఎందరో మీకే తెలుసు.

అపోహ: కనీస బిల్లుకు కాస్త తక్కువైతే ఏదో ఒకటి కలిపేస్తే సరి.

వాస్తవం: చీటీ ప్రకారం 1200 అయింది, 1500 చేస్తే 150 తగ్గుతుంది. "ఏదో ఒకటి" వేస్తే 1350 కట్టి బయటికొస్తారు. 150 మిగలడం కాదు, 150 ఎక్కువ పోయింది. ఆ 300లో ఎలాగూ వచ్చే నెల కొనాల్సిన సబ్బులో, టూత్‌పేస్టో ఉంటే మాత్రం అవి సగం ధరకు వచ్చినట్టే. అందుకే చీటీ కింద పాడవని వస్తువులు నాలుగు వేరుగా రాసిపెడతాను, కలపాల్సివస్తే వాటిలోంచే. లేకపోతే ఫ్రీగా వస్తే ఫినాయిల్ తాగినట్టే!

అపోహ: పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక.

వాస్తవం: కూపన్ లేనప్పుడు చాలాసార్లు అంతే. కూపన్ వస్తే లెక్క తిరగబడొచ్చు. వాషింగ్ పౌడర్ 250 గ్రాములు 60, కిలో 200 అనుకోండి. వంద గ్రాములకు చిన్నది 24, పెద్దది 20. ఏ ప్యాకెట్ కైనా 20 తగ్గించే కూపన్ పెడితే చిన్నది 16కు దిగుతుంది, పెద్దది 18 దగ్గరే ఆగుతుంది. ఒకే మొత్తం తగ్గించే కూపన్లు చిన్న ప్యాకెట్ మీదే ఎక్కువ పనిచేస్తాయి. అన్నట్టు, బరువు కూడా చదవండి. కిలో ప్యాకెట్ అదే ధరకు 900 గ్రాములైతే ధర 11 శాతం పెరిగినట్టు.

అపోహ: ఒక వస్తువుకు ఒకే కూపన్, అంతకుమించి అడిగితే బాగోదు.

వాస్తవం: తయారీ కంపెనీ కూపన్ వేరు, దుకాణం కూపన్ వేరు. మొదటిదాని డబ్బు కంపెనీ దుకాణానికి తిరిగి ఇస్తుంది, రెండోది దుకాణం సొంత జేబులోంచి. నిబంధనలు ఒప్పుకుంటే రెండూ ఒకే వస్తువుకు వాడొచ్చు. చదవాల్సింది ఒక్క మాటే: కూపన్ బిల్లుకు ఒకటా, కొనుగోలుకు (అంటే కొన్న ఒక్కో వస్తువుకు) ఒకటా.

కౌంటర్లో చేరిన కొత్తలో ఒకావిడ ఒకేరకం ప్యాకెట్లు నాలుగు, కూపన్లు నాలుగు పెట్టింది. ఒకటే చెల్లుతుందని మూడు వెనక్కి జరిపాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూపన్ అడుగున వేలు ఆన్చింది. "అమ్మాయ్, ఇక్కడ బిల్లుకు ఒకటని లేదు, కొనుగోలుకు ఒకటని ఉంది. నేను కొన్నవి నాలుగు." ఆవిడదే నిజం. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నా నాలుగూ కొట్టాను.

అపోహ: కూపన్ రాగానే వాడేయాలి.

వాస్తవం: గడువు చూసుకుని ఆగండి. అదే వస్తువుకు దుకాణం ధర తగ్గించిన వారంలో వాడితే రెండు తగ్గింపులూ కలుస్తాయి. ఆ లోపల అదే అరలో పక్కనే ఉండే, దుకాణం తన సొంత పేరుతో అమ్మే సరుకు ధర కూడా చూడండి. కూపన్ పెట్టాక కూడా పేరున్న సరుకు దానికంటే ఖరీదుగా ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

ఫోన్లో ఫార్వర్డ్ అయి వచ్చే భారీ కూపన్ల గురించి ఒక్క ముక్క: కార్డు నంబరో, ఓటీపీనో అడిగేది కూపన్ కాదు.

చివరిగా, బిల్లును కౌంటర్ దగ్గరే చదవండి. అరల్లో ఆఫర్ చీటీలు రాత్రి మార్చేవాళ్లం, కంప్యూటర్లో ధర మారడం ఒక్కోసారి పొద్దున పది దాటేది. ఆ మధ్యలో కొన్నవాళ్లు అడిగితే సరిచేసి ఇచ్చేవాళ్లం. అడగనివాళ్లు పాత ధరే కట్టి వెళ్లేవాళ్లు.