‘ఇంకా’ అన్న ఒక్క మాట

అణుశాస్త్రవేత్త హోమీ భాభాను అమెరికాయే చంపించిందన్న సందేశం ఈ వారం మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. విజయవాడ గాంధీనగర్‌లో టీ తాగుదామని ఆఫీసు మెట్లు దిగితే అక్కడా అదే మాట. సాయంత్రానికల్లా నేపథ్యం రాసివ్వమన్నారు. భాభా ఎవరో, ముంబైలోని ట్రాంబే అణు కేంద్రంలో ఏం చేశారో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1966 జనవరి 24న జెనీవాలో దిగవలసిన ఎయిరిండియా విమానం ఆల్ప్స్‌లోని మోంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొంది. 117 మందిలో ఒక్కరూ మిగలలేదు. వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి వెళుతున్న భాభా వారిలో ఉన్నారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చివరి నిమిషాల గురించే. ఫోన్లలోని సందేశాల్లో లేనివి కూడా ఆ నిమిషాలే.

ఆ బోయింగ్ 707 బీరూట్‌లో బయలుదేరేసరికే, తానెక్కడ ఉన్నదీ పైలట్‌కు తెలిపే వీఓఆర్ పరికరాల్లో ఒకటి పనిచేయడం లేదు. ఆ సంగతి పైలట్‌కు తెలుసు. 19,000 అడుగుల ఎత్తులోనే ఉండమని, మేఘాలకు 1,000 అడుగుల పైన అంతా కనిపిస్తూ ఉంటే దిగవచ్చని జెనీవా కంట్రోలర్ చెప్పాడు. అలాగే దిగుతామన్నాడు పైలట్. మోంట్ బ్లాంక్‌ను పక్కగా దాటుతున్నామనుకుంటున్నాననీ చెప్పాడు. కంట్రోలర్ రాడార్ చూశాడు. విమానం దాటలేదు. ‘మోంట్ బ్లాంక్‌కు మీకు 5 మైళ్లు’ అన్నాడు. ‘రోజర్’ (విన్నాను) అని జవాబు వచ్చింది.

ఆ వాక్యం తెలుగులో కూడా అలాగే రెండు రకాలుగా వినిపిస్తుంది. గుంటూరు నుంచి రైల్లో వస్తూ, మంగళగిరి కొండ దాటేశామనుకుని కునుకు తీస్తున్నవాడితో ‘కొండకు 5 మైళ్లు’ అంటే, కొండ వెనకబడి అంత దూరమైందనుకుని మళ్లీ కళ్లు మూసుకుంటాడు. ‘ఇంకా 5 మైళ్లుంది’ అంటే లేచి కూర్చుంటాడు. ఫ్రెంచి దర్యాప్తు తేల్చిందీ దాదాపు ఇదే. తప్పును కంట్రోలర్ సరిగానే పట్టుకున్నాడు. దాన్ని చెప్పడానికి వాడిన మాటల్లో తగినంత స్పష్టత లేదు. పైలట్, శిఖరానికి దారితీసే కొండవరుసను దాటేశానన్న భ్రమలోనే విమానాన్ని దించుతూ పోయాడు. శిఖరం ఎత్తు సుమారు 4,800 మీటర్లు. విమానం తగిలింది దానికి కాస్త దిగువన, 4,750 మీటర్ల దగ్గర.

ఇదే పర్వతం మీద 1950 నవంబరు 3న ఎయిరిండియాదే ‘మలబార్ ప్రిన్సెస్’ కూలి 48 మంది పోయారు. ప్రయాణికుల్లో ఎక్కువమంది ఓడల్లో పనికి వెళుతున్న నావికులు. వాళ్లను ఎవరు చంపించారని ఎవరూ అడగలేదు.

బాంబు కథకు ఆధారంగా చూపేది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మాజీ అధికారి రాబర్ట్ క్రౌలీ చెప్పినట్టుగా ప్రచారమైన సంభాషణ. విమానం సరుకుల గదిలో బాంబు పెట్టారని దాని సారాంశం. ఆయన 2000లో చనిపోయారు. ఆ తర్వాత అచ్చులోకి వచ్చిన మాటలవి. అనుమానానికి చోటే లేదని కాదు. 1964లో చైనా అణుపరీక్ష జరిపింది. నిర్ణయం తీసుకుంటే 18 నెలల్లో మనమూ బాంబు చేయగలమని భాభా అన్నారు. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో కన్నుమూసిన 13 రోజులకే ఈ ప్రమాదం. ఈ తేదీలను పక్కపక్కన పేర్చితే కథ దానంతటదే నడుస్తుంది.

మంచు మాత్రం దాచుకున్నవాటిని తన తీరికలో వదులుతోంది. 2012లో ఆ పర్వతం మీది బోసాన్ హిమనదం దగ్గర ‘డిప్లొమాటిక్ మెయిల్’ అని రాసి ఉన్న సంచి దొరికినప్పుడు రహస్యాలు బయటపడతాయన్నారు. తెరిస్తే వార్తాపత్రికలు, ఎయిరిండియా క్యాలెండర్లు. మరుసటి ఏడాది అక్కడే ఒక పర్వతారోహకుడికి పచ్చలు, నీలాలు, కెంపులున్న పెట్టె దొరికింది. వాటిని 2021లో అతనికీ పర్వతం కిందనున్న షామొనీ పట్టణానికీ సమానంగా పంచారు. 2020 జులైలో అక్కడి కెఫే యజమాని ఒకరు మంచులో దొరికిన డజను వరకు భారతీయ పత్రికలను ఆరబెట్టాడు. అక్షరాలు చెదరలేదు. ఇందిరా గాంధీ ప్రధానిగా ఎన్నికయ్యారన్న వార్త శీర్షికల్లో ఉంది. ఆమె ప్రమాణ స్వీకారం చేసింది ఆ విమానం కూలిన రోజునే.