తెలుగు క్రీడాకారుల కెరీర్లు: అపోహలు - వాస్తవాలు

పతకం వచ్చిన సాయంత్రం స్పోర్ట్స్ డెస్క్‌లో ముందుగా వినిపించే ప్రశ్నలు రెండు: ఏ ఊరు? తండ్రి ఏం చేస్తాడు? ఆ రెండూ దొరికితే బాక్స్ ఐటం రెడీ అయిపోతుంది. తెలుగు క్రీడాకారుల గురించి రాయడమే నా పని కాబట్టి చెబుతున్నాను, ఆ రెండు జవాబుల్లో అసలు ఆట ఎక్కడా ఉండదు. ఏళ్ల తరబడి ఆడిన ఆటను చూసి గర్వపడాలంటే ముందు కొన్ని అపోహలు వదిలించుకోవాలి.

అపోహ: కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్కసారిగా వెలుగులోకి వచ్చారు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి 1994లోనే వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రపంచ చాంపియన్. 1995లో మళ్లీ గెలిచారు. అంత ఫామ్‌లో ఉండి కూడా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. కారణం చాలామందికి తెలియదు. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో తొలిసారి పెట్టారు. ఈలోగా ఆమె 54 కేజీల శరీర బరువు విభాగం నుంచి 69 కేజీలకు మారారు. అంటే ప్రత్యర్థులు కొత్త, ఎత్తాల్సిన బరువులూ కొత్త.

సిడ్నీలో స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కేజీలు. ఆ కాంస్యంతో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. నాకు మాత్రం ఆమె ఎత్తలేకపోయిన ఆఖరి బరువే ఎక్కువ గుర్తొస్తుంది. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కేజీలు. మల్లీశ్వరి 130 తర్వాత బార్ మీద నేరుగా 137.5 వేయించుకున్నారు. ఒకేసారి ఏడున్నర కేజీలు పెంచి బంగారానికే గురిపెట్టారు. అది లేవలేదు. కాంస్యం గురించి రాసే ప్రతిసారీ ఆ ప్రయత్నం గురించీ ఒక వాక్యం రాయాలన్నది నా పట్టుదల.

అపోహ: అందరికంటే వేగంగా పరుగెత్తితే రికార్డు వచ్చేస్తుంది.

విశాఖపట్నం హర్డిలర్ జ్యోతి యర్రాజీని అడగండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. జ్యోతి 2020 జనవరిలో, యూనివర్సిటీల మీట్‌లో 13.03లో పూర్తి చేసింది. రికార్డుగా లెక్కలోకి రాలేదు. అక్కడ డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డుకు లెక్కించరు. ఆ రోజు గేజ్ చూపించింది 2.1.

ఒక్కసారి ఆలోచించండి. రెండుసార్లు రికార్డు కంటే వేగంగా పరుగెత్తి, రెండుసార్లూ పుస్తకంలో పేరు ఎక్కకపోతే ఆ వయసులో ఎంత టెన్షన్ ఉంటుందో. తర్వాతి నెలలోనే సైప్రస్‌లో 13.23తో రికార్డు తన పేరిట రాయించుకుంది. టైమింగ్ చూస్తే ముందు రెండింటికంటే తక్కువ వేగమే, కానీ చెల్లింది ఇదే. అదే ఏడాది అక్టోబర్‌లో 12.82. మన దేశంలో 13 సెకన్లలోపు పూర్తి చేసిన తొలి మహిళా హర్డిలర్ ఆమే. 2023లో దాన్ని 12.78కి దించింది, ఆసియా చాంపియన్ కూడా అయింది. తండ్రి సెక్యూరిటీ గార్డు అన్న సంగతి అందరికీ తెలుసు. ఆ 2.1 సంగతి ఎందరికి తెలుసు?

అపోహ: ఒలింపిక్ పతకం లేకపోతే కెరీర్ అసంపూర్ణం.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విభాగం, అంటే కప్పీలున్న విల్లు. 2024 పారిస్ దాకా ఒలింపిక్స్‌లో ఉన్నది కప్పీలు లేని విల్లుతో ఆడే రికర్వ్ ఒక్కటే. కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ 2028 లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి వస్తోంది. అసలు పెట్టని పోటీలో ఆమె పతకం ఎలా గెలుస్తుంది? 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. వ్యక్తిగత ఫైనల్లో 150కి 149 కొట్టింది. 15 బాణాల్లో ఒక్కటే పది తప్పి తొమ్మిదిలో పడింది. ఆట తెలిసినవాళ్లకు ఈ ఒక్క స్కోరు చాలు.

చెస్ కూడా అంతే. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్, మన దేశంలో ఆ హోదా పొందిన తొలి మహిళ. ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చెస్) టైటిల్ 2019లో గెలిచి, 2024లో మళ్లీ గెలిచింది. ఐదేళ్ల ఎడంతో, కొత్త తరం అమ్మాయిల మధ్య.

అపోహ: పారా (వైకల్యం ఉన్న క్రీడాకారుల) పతకం సానుభూతి పతకం.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి పరుగెత్తేది టీ20 విభాగంలో. అది మేధో వైకల్యం ఉన్న అథ్లెట్లది. కోరుకున్నవాళ్లందరినీ చేర్చుకోరు, పరీక్షించి నిర్ధారించాకే పోటీకి అర్హత ఇస్తారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో, పారా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆమె 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం గెలిచింది. ఆమె గురించి రాసేటప్పుడు ఊళ్లో ఆమె పడ్డ ఎగతాళి మాటలతో మొదలుపెడతారు చాలామంది. నేనైతే టైమింగ్‌తో మొదలుపెడతాను.

అపోహ: ఆట మానేస్తే కెరీర్ అయిపోయినట్టే.

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. తర్వాత ఆయన అకాడమీలో తయారైనవాళ్లలో సైనా, సింధు, శ్రీకాంత్ ఉన్నారు. ఇంకేం చెప్పాలి?

అపోహ: హైదరాబాద్ అంటే క్రికెట్, బ్యాడ్మింటన్.

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ అనే పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకూ కోచ్. ఆయన హయాంలో మన దేశం 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అదే అత్యుత్తమం. ఆ జట్టులో తులసీదాస్ బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మన హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆడి ఎదిగినవాళ్లే.

ఆ పాత తరం గురించి రాయడం అన్నిటికంటే కష్టం. టైమింగులు, స్కోర్లు ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి, అప్పటివి పాత పేపర్లలో, ఇళ్ల అటకల మీద ఉన్నాయి. మీ ఇంట్లోనో, వీధిలోనో ఆ రోజుల్లో సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల మధ్య ఫుట్‌బాల్) లోనో, మరో జాతీయ పోటీలోనో ఆడిన పెద్దవాళ్లుంటే, వాళ్ల జట్టు ఫొటో వెనక ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ, ఏడాదీ, టోర్నీ పేరూ వాళ్లనే అడిగి రాయించి పెట్టండి.