1976లో ఆపిన సీట్ల లెక్క

డీలిమిటేషన్, అంటే జనాభాను బట్టి రాష్ట్రాలకు లోక్‌సభ సీట్లు మళ్లీ పంచడం. ఆ గొడవ మళ్లీ మొదటికొచ్చింది. లోక్‌సభ స్థానాలు 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగి ఉన్నాయి. 2026 తర్వాత జరిగే తొలి జనగణనతో ఆ గడువు తీరుతుంది. ఆ జనగణనకు ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. ‘పిల్లల్ని తగ్గించుకున్నందుకు శిక్షా?’ అన్నది దక్షిణాది ప్రశ్న.

అసలు ముడి 1976, 1977లోనే పడింది.

1974లో బుకారెస్ట్ జనాభా సదస్సులో మన ప్రతినిధిగా మాట్లాడిన కరణ్ సింగ్, అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆరోగ్య మంత్రిగా ఆయన మాట మారింది. చదువులూ ఆదాయాలూ పెరిగి కాన్పులు తగ్గేదాకా కూర్చోలేమంటూ 1976 ఏప్రిల్ 16న జాతీయ జనాభా విధానం ప్రకటించారు. రాష్ట్రాలకిచ్చే కేంద్ర సాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణ ఫలితాలతో ముడిపెట్టారు. పిల్లల్ని తగ్గించుకున్న రాష్ట్రం సీట్లు పోగొట్టుకోకుండా 2001 వరకు 1971 లెక్కనే ఉంచుతామన్నారు. 42వ సవరణ దాన్ని రాజ్యాంగంలో చేర్చింది. అంటే ఇది దక్షిణాదికి పెట్టిన భిక్ష కాదు, అన్ని రాష్ట్రాలకూ ఇచ్చిన మాట. సీట్లు పోతాయన్న భయం ఉత్తిదేమీ కాదు. 1967 ఎన్నికల నాటికే ఆంధ్రప్రదేశ్ సీట్లు 43 నుంచి 41కి, మద్రాసువి 41 నుంచి 39కి తగ్గాయి.

తర్వాత జరిగిందే కథను తిప్పేసింది. ఎమర్జెన్సీ నడుస్తున్న 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎక్కువ మగవాళ్లకే. ఉత్తరాదిలో బలవంతం ఎక్కువ, కోపమూ అంతే ఎక్కువ. 1977 ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 85, బిహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 గెలిచింది! జనతా ప్రభుత్వం 42వ సవరణలో చాలా భాగం తిరగదోడినా సీట్ల లెక్కను మాత్రం కదపలేదు. కుటుంబ నియంత్రణ పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. ఉత్తరాది నాయకులు ఆ ఊసెత్తడానికే జంకారు. ఇక్కడ మాత్రం పని ఆగలేదు, భారం మగవాళ్ల నుంచి ఆడవాళ్ల మీదికి మళ్లింది.

స్త్రీలు చదువుకుని, పట్టణాలు పెరిగి, పసిపిల్లల మరణాలు తగ్గాక కాన్పులు తగ్గుతాయని జనాభా శాస్త్రం చెబుతుంది. కేరళ ఆ దారినే నడిచింది. 1991లో అక్కడ స్త్రీల అక్షరాస్యత 86 శాతం, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 33. మన రాష్ట్రం ఆపరేషన్ థియేటర్ గుండా వెళ్లింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8, బిహార్‌లో 3. జనాభా నిలకడగా ఉండడానికి కావలసింది 2.1.

ఇద్దరిని మించి కంటే పంచాయతీ పోటీకి అనర్హులన్న నిబంధన 1994 చట్టంలో పెట్టింది మనమే. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024 నవంబరులో ఎత్తేసింది. 1997లో రాష్ట్ర జనాభా విధానం తెచ్చినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబే, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నదీ ఆయనే.

2001లో 84వ సవరణతో వాజ్‌పేయి ప్రభుత్వం సీట్ల లెక్క గడువును 2026 దాకా పొడిగించినప్పుడూ చెప్పిన కారణం ఇదే: జనాభా స్థిరీకరణకు రాష్ట్రాలను ప్రోత్సహించడం.

ఉత్తరాది వాదనలోనూ పస ఉంది. 2011 లెక్కన బిహార్‌లో ఒక్కో ఎంపీకి 26 లక్షల జనం, తెలుగు రాష్ట్రాల్లో 20 లక్షలు, కేరళలో 17 లక్షల లోపు. ఓటు విలువలో ఇంత తేడా ఎల్లకాలం నడవదు. కానీ బిహార్‌లో రేపే ఇంటికి ఇద్దరే పుట్టినా, కనే వయసుకొచ్చే యువత ఎక్కువ కాబట్టి అక్కడి జనాభా ఇంకా దశాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది.

వలసల తిరకాసు ఒకటుంది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడుతూ ఇక్కడే ఉండిపోయిన బిహార్ కూలీని జనగణన తెలంగాణ జనాభాలోనే కలుపుతుంది. అతని ఓటు మాత్రం చాలాసార్లు సొంతూళ్లోనే ఉంటుంది.