గుమ్మం దాటని హోండా

2023 సీజన్ ముగిసేసరికి జపాన్ మూడో డివిజన్ జె3లో గిరవాన్జ్ కితాక్యూషూ జట్టు 20వ స్థానంలో, అంటే అట్టడుగున ఉంది. జె3 నుంచి కింది లీగ్‌లోకి దింపే నిబంధన అమల్లోకి వచ్చింది ఆ ఏడాదే. అయినా కితాక్యూషూ దిగలేదు. కింద ఉన్న నాలుగో స్థాయి లీగ్ జేఎఫ్ఎల్‌లో టైటిల్ కొట్టింది వాహనాల కంపెనీ హోండా జట్టు హోండా ఎఫ్‌సీ మరి. పైకి రావాలంటే ప్రొఫెషనల్ లీగ్ జె-లీగ్ లైసెన్సు ఉండాలి. హోండాకు అది లేదు, కావాలని అడగనూ లేదు. రెండో స్థానంలో ఉన్న జట్టుకీ లైసెన్సు లేకపోవడంతో పైకి వచ్చేవాళ్లే లేకపోయారు, దిగాల్సినవాళ్లు బతికిపోయారు.

జపాన్ అభిమానులు ఈ జట్టును ‘మోంబన్’ అంటారు. గేటు దగ్గర కాపలా ఉండేవాడని అర్థం. ప్రొఫెషనల్ కావాలని కలలు కనే ఊరి క్లబ్బులన్నీ ఈ గేటు దాటి వెళ్లాల్సినవే. మన లెక్కలో చెప్పాలంటే వైకుంఠ ద్వారం దగ్గర జయవిజయులు. నిజానికి ఒకప్పుడు ఇక్కడా ఇద్దరు ఉండేవారు. పార్సిళ్లు చేరవేసే సగావా కంపెనీ జట్టు సగావా షిగా 2007, 2009, 2011లో టైటిల్ గెలిచి, 2012 సీజన్ కాగానే లీగ్ నుంచి తప్పుకుంది. హోండా ఒక్కటే మిగిలింది. 2016 నుంచి 2019 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు దానివే.

ఇంత బాగా ఆడే జట్టు పైకి ఎందుకు వెళ్లదు? జవాబు కోసం ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

హోండా కంపెనీ పుట్టింది హమామత్సులో. అక్కడి ఉద్యోగులతో 1971లో ఫుట్‌బాల్ జట్టు కట్టారు. పదేళ్లకి, 1981లో, అది దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌కు చేరింది. అప్పటి లీగ్‌లో మిత్సుబిషి, నిస్సాన్, హిటాచీ, ఫురుకావా, ఇలా అత్యధికం కంపెనీ జట్లే. ఆటగాళ్లకు ఉద్యోగం, జీతం కంపెనీవే. మన రైల్వేల్లో, బ్యాంకుల్లో స్పోర్ట్స్ కోటా ఎరిగినవాళ్లకు ఇదేం వింత కాదు. తెన్ర్యూ నది దాటితే ఇవాతా, అక్కడ యమహా జట్టు. మోటార్‌సైకిళ్ల మార్కెట్లో కొట్టుకునే రెండు కంపెనీలు మైదానంలోనూ పక్కపక్క ఊళ్లవే.

ఇంతలో ప్రొఫెషనల్ లీగ్ మాట మొదలైంది. చేరాలంటే షరతులున్నాయి. క్లబ్ విడిగా ఒక సంస్థగా నమోదు కావాలి, ఒక ఊరిని సొంతూరుగా ప్రకటించాలి, సరిపడా స్టేడియం ఉండాలి, పిల్లల జట్లు నడపాలి. అన్నిటికన్నా మింగుడు పడనిది, పేరులోంచి కంపెనీ పేరు తీసేయాలన్నది. డబ్బు మీది, పేరు ఊరిది అన్నమాట. ఉరావా ఊరివాళ్లు తమకు ప్రొఫెషనల్ జట్టు కావాలని ముందుగా తట్టింది హోండా తలుపే. ఆ ఊరున్న సైతామా ప్రాంతంలో హోండాకు ఫ్యాక్టరీ ఉంది కదా. హోండా వెనక్కి తగ్గింది. వాళ్లు మిత్సుబిషి దగ్గరికి వెళ్లారు. అలా పుట్టినవే ఇప్పుడు దేశమంతా పేరున్న ఉరావా రెడ్స్.

కంపెనీ వద్దనుకుంది సరే, ఆటగాళ్లు వద్దనుకోలేదు. హోండా కోచ్ మియామోతో మసాకాత్సు 1992లో కొత్త ప్రొఫెషనల్ క్లబ్ కషిమా ఆంట్లర్స్‌కు తొలి కోచ్‌గా వెళ్లారు. కురోసాకి, హసెగావా వంటి హోండా కుర్రాళ్లూ అక్కడికే చేరారు. వాళ్లలో ఒకడి ఇంటిపేరే హోండా! మిడ్‌ఫీల్డర్ హోండా యాసుతో హోండాని వదిలి కషిమాలో కుదురుకున్నాడు. ఇంకో హోండా ఆటగాడు కితాజావా అంతకుముందే యోమియురి అనే క్లబ్‌కి వెళ్లిపోయాడు. 1993లో జె-లీగ్ మొదలైనప్పుడు తొలి దశ విజేత కషిమా. ఆ జట్టులో ఆడిన బ్రెజిల్ స్టార్ జీకో పేరు అందరికీ గుర్తుంది గానీ, ఆ జట్టు పునాదిలో హమామత్సు ఇటుకలు ఎన్నున్నాయో చాలామంది మర్చిపోయారు. నది అవతలి యమహా మాత్రం జూబిలో ఇవాతాగా మారి 1994లో జె-లీగ్‌లోకి వెళ్లింది, 1997లో ఛాంపియన్ అయింది.

హోండా మాత్రం హోండాగానే ఉండిపోయింది. ఆటగాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులు. పొద్దున ఫ్యాక్టరీ పని, మధ్యాహ్నం ప్రాక్టీసు. ఆట మానేసినా ఉద్యోగం ఉంటుంది. సొంత మైదానం మియాకోదా చిన్నది, అగ్రశ్రేణి డివిజన్ జె1 స్టేడియాల పక్కన పెడితే కాలేజీ గ్రౌండులా అనిపిస్తుంది. దీన్ని ఆశ లేకపోవడం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పాతికేళ్ల కుర్రాడికి ఏడాది కాంట్రాక్టు టెన్షన్ లేకుండా రోజూ ఆడుకునే వీలు దొరకడం చిన్న విషయమా? జేఎఫ్ఎల్‌లో చాలా జట్లలో ఆటగాళ్లు తరచూ మారిపోతుంటారు కూడా.

ఆ నిలకడ ఏపాటిదో పెద్ద జట్లకు చక్రవర్తి కప్‌లో తెలిసొచ్చింది. ఏ స్థాయి జట్టయినా ఆడగలిగే టోర్నీ అది. 2007లో హోండా జె1 జట్లు కషివా రేసోల్, నగోయా గ్రాంపస్‌లను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ అదనపు సమయంలో ఒక్క గోల్‌తో ఆపింది ఎవరనుకున్నారు? కషిమా. 2019లో ఇంకా విచిత్రం. సప్పోరో మీద 4-2తో గెలిచి, తర్వాత తోకుషిమాను దాటి, సెప్టెంబరులో ఉరావా రెడ్స్‌ను వాళ్ల సొంతూళ్లోనే 2-0తో ఓడించింది. ఒకప్పుడు తన తలుపు తట్టిన ఊరది, పైగా ఆ ఏడాది ఉరావా ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన జట్టు. క్వార్టర్ ఫైనల్లో మళ్లీ కషిమాయే ఎదురైంది. మళ్లీ 0-1.

కంపెనీ జట్ల కాలం మాత్రం తరిగిపోతోంది. 2015లో జేఎఫ్ఎల్ గెలిచిన సోనీ సెండాయ్ 2024 సీజన్‌తో మూతపడింది. అదే ఏడాది టైటిల్ హోండా చేజారి తోచిగి సిటీకి దక్కింది, కోచి యునైటెడ్ రెండో స్థానంలో నిలిచింది. ఆ రెంటికీ లైసెన్సులున్నాయి, రెండూ జె3కి ఎక్కేశాయి. కితాక్యూషూకి దక్కిన అదృష్టం ఈసారి ఇవాతే గ్రుల్లా మోరియోకాకూ, వైఎస్‌సీసీ యొకోహామాకూ దక్కలేదు. రెండూ జేఎఫ్ఎల్‌కు దిగాయి. మళ్లీ పైకి పోవాలంటే వాళ్లూ ఇప్పుడు మియాకోదా వెళ్లి ఆడి రావాల్సిందే.