మెటాప్లాస్టిక్ రొమ్ము క్యాన్సర్‌లో గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

మెటాప్లాస్టిక్ కార్సినోమా అరుదు. రొమ్ము క్యాన్సర్లన్నిటిలో నూటికి ఒకటి ఉంటుందేమో, అంతే. ఇందులో క్యాన్సర్ కణాలు తమ తీరు మార్చుకుంటాయి. కొన్ని చర్మంలో ఉండే పొలుసుల కణాల్లా, కొన్ని సన్నగా సాగిన స్పిండిల్ కణాల్లా, ఒక్కోసారి ఎముకలానో మృదులాస్థిలానో కనబడతాయి. స్లైడు చూసి గ్రేడ్ రాసేది పాథాలజిస్టులమైన మేమే. రిపోర్టు ఇంటికి వెళ్లాక అందరి కళ్లూ ఆ అంకె మీదే పడతాయి, అసలు అపోహలు మొదలయ్యేదీ అక్కడే.

అపోహ: గ్రేడ్ 3 అంటే మూడో స్టేజీ.

కాదు. గ్రేడ్ కణాల స్వభావాన్ని చెబుతుంది. స్టేజీ చెప్పేది గడ్డ ఎంత పెద్దది, ఎంతవరకు పాకింది అని. ఎక్కడికీ పాకని ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ కూడా గ్రేడ్ 3 కావచ్చు. అయితే 2018 నుంచి అమల్లో ఉన్న ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజీలు నిర్ణయించే అమెరికా కమిటీ) పద్ధతిలో రొమ్ము క్యాన్సర్ స్టేజీ లెక్కకట్టేటప్పుడు గ్రేడ్‌నూ, హార్మోన్ రిసెప్టర్లనూ (కణాల్లో హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు), హెర్2నూ (కణాల పెరుగుదలను ఎగదోసే ప్రొటీన్) కలుపుతారు. బహుశా అందుకే ఈ గందరగోళం ఇంకా పెరిగింది.

అపోహ: గ్రేడ్ అంకె చూస్తే చాలు, ముందుముందు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

అంత తేలిక కాదు. నాటింగ్‌హామ్ పద్ధతిలో మేం మూడు విషయాలకు ఒకటి నుంచి మూడు వరకు మార్కులు వేస్తాం: కణాలు గొట్టాల్లా అమరాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని కణాలు విభజనలో దొరికాయి. మొత్తం 3-5 వస్తే గ్రేడ్ 1, 6-7 వస్తే గ్రేడ్ 2, 8-9 వస్తే గ్రేడ్ 3. మెటాప్లాస్టిక్ గడ్డల్లో చాలావాటికి గొట్టాలు కట్టే గుణమే ఉండదు. కాబట్టి మిగతావి చూడకముందే ఆ గడిలో 3 పడిపోతుంది. ఇతర రకాల కోసం తయారైన కొలబద్ద ఇక్కడ సరిగ్గా అతకదు. మెటాప్లాస్టిక్‌లో ఒక్క గ్రేడ్‌తోనే భవిష్యత్తు తేల్చవచ్చా అన్నదాని మీద పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పడం లేదు.

నా మటుకు నేను ముందు ఉపరకం పేరు చూడమంటాను. లో-గ్రేడ్ అడినోస్క్వామస్, ఫైబ్రోమాటోసిస్‌ను పోలిన రకం, ఈ రెండూ నెమ్మదైనవి. చంకలోని లింఫ్ గ్రంథులకు పాకడం అరుదు, చికిత్స తర్వాత చాలామంది బాగుంటారు. హై-గ్రేడ్ స్పిండిల్ సెల్, స్క్వామస్ రకాల దారి వేరు. మామూలు ట్రిపుల్ నెగెటివ్ (రెండు హార్మోన్ రిసెప్టర్లూ, హెర్2 మూడూ నెగెటివ్ వచ్చిన) క్యాన్సర్లతో పోలిస్తే ఇవి కీమోకు తక్కువగా లొంగుతాయి. అందుకే ఆపరేషన్ ఎప్పుడు, కీమో ఎప్పుడు అన్నది ఆంకాలజిస్టు జాగ్రత్తగా తూకం వేస్తారు.

అపోహ: ట్రిపుల్ నెగెటివ్ అని వచ్చిందంటే మొండి క్యాన్సరే.

పైన చెప్పిన నెమ్మదైన రెండు రకాలూ సాధారణంగా ట్రిపుల్ నెగెటివే!

అపోహ: చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి హై-గ్రేడ్ అయినా గండం గడిచినట్టే.

ఈ జబ్బులో గ్రంథులు నెగెటివ్ రావడం మంచి కబురే గానీ పూర్తి భరోసా కాదు. ఇది రక్తం దారిన, ముఖ్యంగా ఊపిరితిత్తులకు, పాకగలదు. డాక్టరు ఛాతీ సీటీ రాస్తే, గ్రంథుల్లో ఏమీ లేదు కదా అని మానేయొద్దు.

అపోహ: లో-గ్రేడ్ కదా, గడ్డ తీసేశాక మళ్లీ చూపించుకోనక్కర్లేదు.

ఫైబ్రోమాటోసిస్‌ను పోలిన రకం చుట్టూ ఉన్న కొవ్వులోకి వేళ్లు చాపినట్టు చొచ్చుకుపోతుంది. అంచుల్లో కణాలు మిగిలితే అదే చోట తిరిగి రావచ్చు. దీని కణాలు ఎంత సాదాగా ఉంటాయంటే, పాత గాయం మచ్చ అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే క్యాన్సర్ కణాలను పట్టిచ్చే కెరాటిన్, పీ63 ప్రొటీన్ల కోసం ప్రత్యేక రంగులు (స్టెయిన్లు) వేసి చూస్తాం.

అపోహ: సూది బయాప్సీలో వచ్చిన గ్రేడే ఖాయం.

సూదికి అందేది సన్నని తునక. గడ్డ అంతా ఒకేలా ఉండదు, పైగా విభజన కణాలు ఆ తునకలో తక్కువగా దొరకొచ్చు. తీసిన గడ్డను ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైనా ఆ లెక్క తగ్గిపోతుంది, గంటలోపు వేయాలి అనేది అందుకే. ఆపరేషన్ తర్వాత గ్రేడ్ మారితే ఎవరో పొరబడ్డారని కంగారుపడకండి. ఇంత అరుదైన జబ్బుకు రొమ్ము పాథాలజీలో అనుభవమున్న మరొకరితో చూపించుకోవడం మంచిదే. అప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళితే సరిపోదు. స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు దిమ్మలు) కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్లండి.