తెలియనివాడా, తెలిసి కాదన్నవాడా? బోస్టన్‌లో పడిన ముడి

మతాలన్నీ దేవుణ్ని చేరే దారులే, వేర్వేరు భాషల్లాంటివి అని 2024 సెప్టెంబర్ 13న సింగపూర్‌లో పోప్ ఫ్రాన్సిస్ యువతతో అన్న మాట మళ్లీ తగవులోకి వచ్చింది. క్రీస్తును కాదన్నవాళ్లకీ రక్షణ, అంటే పాపవిముక్తి, పరలోకం, ఉందా? శ్రీసభ (కథోలిక చర్చి) బోధ మారిపోయిందా? ఇలాంటప్పుడు అందరూ శ్రీసభ వెలుపల రక్షణ లేదన్న 1442 నాటి ఫ్లోరెన్స్ మహాసభ దాకా పరుగెడతారు. అంత దూరం అక్కర్లేదు. ఇప్పటి ముడి పడింది 1949లో, అమెరికాలో.

హార్వర్డ్ యూనివర్సిటీ దగ్గర సెయింట్ బెనెడిక్ట్ సెంటర్‌లో లెనార్డ్ ఫీనీ అనే జెస్యూట్ గురువు ఉండేవారు. శ్రీసభ వెలుపల రక్షణ లేదంటే లేదు, మినహాయింపుల్లేవు అని ఆయన వాదన. బయటివాళ్లకూ రక్షణ దొరకొచ్చని చెప్పడం తప్పుడు బోధేనంటూ ఆయన పక్షాన నిలిచిన నలుగురు టీచర్లు ఫిర్యాదులకు దిగారు. బోస్టన్ కాలేజీలో ముగ్గురికి, దాని హైస్కూల్లో ఒకరికి ఆ ఏప్రిల్‌లో ఉద్యోగాలు పోయాయి. బోస్టన్ ఆర్చిబిషప్ రిచర్డ్ కుషింగ్‌కి ఇది ఇంటి సంగతి కూడా: ఆయన సోదరి పెళ్లాడింది ఒక యూదుణ్ని.

ఆగస్టు 8న రోమ్‌లో శ్రీసభ బోధను చూసుకునే కార్యాలయం కుషింగ్‌కి ఉత్తరం రాసింది. అందులో ఉన్నది ఇదీ: సభలో పేరు లేకపోయినా, తన తప్పు లేకుండా సత్యం తెలియనివాడు దేవుని చిత్తానికి లోబడే మనసుతో ఉంటే, ఆ మనసునే సభలో చేరాలన్న, పైకి చెప్పని కోరికగా దేవుడు అంగీకరిస్తాడు. అయితే ఉత్తి కోరిక చాలదు, విశ్వాసమూ ప్రేమా ఉండాలి. క్రీస్తే శ్రీసభను స్థాపించాడని తెలిసీ లోబడనివాడికి మాత్రం రక్షణ లేదు. ఈ చివరి మాట ఇవాళ ఎవరికీ గుర్తుండదు. 1964 నవంబర్‌లో రెండో వాటికన్ మహాసభ ఆమోదించిన ‘లూమెన్ జెంసియుమ్’ అనే పత్రంలోనూ ఈ రెండు వైపులూ ఉన్నాయి, తెలిసీ లోబడనివాడి సంగతి 14వ పేరాలో, తెలియనివాడిది 16లో.

ఫీనీని 1953లో వెలివేశారు. అయితే బోధ తప్పని కాదు, రోమ్‌కి రమ్మంటే వెళ్లనందుకు. 1972లో మళ్లీ చేర్చుకున్నప్పుడు మాట వెనక్కి తీసుకోమని అడగలేదు. ఆయన వర్గం ఇప్పటికీ చూపించేది దాన్నే. మధ్యలో ఫీనీ ఆదివారాలు బోస్టన్ కామన్ పార్కులో నిలబడి యూదుల్ని తిట్టిన సంగతి మాత్రం ఎత్తరు.

తగవంతా ‘తెలిసీ’ అన్న మాట దగ్గరే ఆగింది. మన ఊళ్లలో మిషన్ స్కూల్లో పదేళ్లు చదివి, పరలోక ప్రార్థన ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలిగి, శనివారం వెంకన్న గుడికి వెళ్లేవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లు తెలిసినవాళ్లా, తెలియనివాళ్లా? బోస్టన్ ఉత్తరంలో దానికి కొలత రాయలేదు.