గూడెం సంఘం ఎవరిది?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే తుమ్మలబైలు, చిన్నారుట్ల చెంచుగూడేలు తగులుతాయి. ఎర్రగొండపాలెం వైపు నుంచి అడవిలోకి చాలా దూరం పోతే పాలుట్ల. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని ఇలాంటి గూడేల్లో, అడవి మీద హక్కుల దరఖాస్తులు చూసే అటవీ హక్కుల కమిటీ మాటెత్తితే పెద్దవాళ్ళు ముందు అడిగేది, "ఇది ఏ సంఘం? ఎన్నాళ్ళుంటది?" అని. ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు.

ఏ పెంట (చెంచుల చిన్న ఆవాసం) వాళ్ళు ఏ కొండన తేనె తీయాలో, ఏ వాగు దాకా గడ్డలు తవ్వుకోవాలో చెంచు పెద్దమనుషులకు తెలుసు. తగువొస్తే వాళ్ళే కూర్చుని తీర్చేవాళ్ళు. కొండ చరియకు పట్టిన తేనెపట్టు తీయడానికి మనిషి తాడు మీద కిందికి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలో ఉన్నాయి గనుక వదలడని నమ్మకం. నన్నడిగితే ఆ కొండల్లో మొదటి సంఘం అదే.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి సర్కారు హద్దులు పడ్డాయి. అప్పటికి ఇదంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఇటు కలిశాయి. తర్వాత కొన్నేళ్ళకు చెంచుల కోసం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పెట్టారు గానీ ఆఫీసు శ్రీశైలంలో. కలెక్టరేమో అప్పట్లో ఒంగోలులో. ఏ కాగితానికి ఎటు పోవాలో తెలుసుకోవడమే ఒక పనిగా ఉండేది. 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చాయి.

1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరిట వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. అడవిని కాపాడితే ఫలసాయంలో వాటా అన్నారు. ఒక గూడెంలో రేకు పెట్టెలోంచి తీసి పాత తీర్మానాల పుస్తకం చూపించారు. పేజీ నిండా ఊదారంగు వేలిముద్రలు, పైన ఎవరో బయటివాళ్ళు రాసిన గుండ్రటి అక్షరాలు. వేలు పెట్టిన ఒకామె, "ఏం రాశారో చదివి చెప్పండయ్యా" అని నన్నే అడిగింది. చదివాను. కందకాల తవ్వకానికి ఆమె ఒప్పుకున్నట్టు ఉంది. నిధులు ఆగాక ఆ పుస్తకంలో మరో పేజీ నిండలేదు.

వెలుగు పథకంతో మహిళా సంఘాలొచ్చాయి. అవి కొంత నయం, పొదుపు అలవాటైంది. కానీ అది నక్సల్ ఉద్యమ కాలం. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని మావోయిస్టు నాయకులు బయటికొచ్చింది ఈ చిన్నారుట్ల దగ్గరే. నలుగురు ఒకచోట కూర్చుంటే అటు పోలీసులకూ ఇటు నక్సల్స్‌కూ అనుమానమే.

2006 అటవీ హక్కుల చట్టం దగ్గర విషయం మారింది. అంతకుముందరి సంఘాలకు ఆధారం పథకం, అటవీ హక్కుల కమిటీకి చట్టం. ప్రకాశం గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం వీటికి దక్కలేదు. చాలా గూడేలు మైదానపు పంచాయతీలో ఒక మూల. అందుకే ఈ చట్టం కీలకం. కమిటీని గ్రామసభే ఎన్నుకోవాలి. 10 నుంచి 15 మంది సభ్యులు. 2012 సవరణతో కనీసం మూడింట రెండొంతులు గిరిజనులే ఉండాలి. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు, అంటే తరతరాలుగా బతుకుతున్న అడవి పరిధి మీద హక్కు, కూడా చట్టంలోనే ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది సాక్ష్యం గురించిన నిబంధన. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఏ కొండ ఏ పెంటదో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా గూడేల్లో ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోవాలి, రాసింది వాళ్ళకు చదివి వినిపించాలి, ఆ తర్వాతే వేలిముద్ర అడగాలి.